మూడు పీసీల స్టోరేజ్‌కి తాళం ఎందుకు? చిన్న క్లస్టర్లు, కీ ఆథెంటికేషన్ గురించి కొంచెం వివరంగా

జంగారెడ్డిగూడెం నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ కొంచెం టెక్నికల్‌గా ఉంటుంది. కానీ ఫోన్‌లో ఫొటోలు దాచుకునే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే విషయమే, కాబట్టి స్కిప్ చేయకుండా చదవండి.

పాత పీసీలు మూడు కలిపి ఒకే పెద్ద స్టోరేజ్‌లా వాడుకోవడం ఈమధ్య బాగా పెరిగింది. ఫొటో స్టూడియోలు, ఎడిటింగ్ రూములు, చిన్న కాలేజీ ల్యాబులు, ఇంట్లో సొంతంగా నేర్చుకునే బీటెక్ పిల్లలు, అందరూ చేస్తున్నారు. దీన్నే స్టోరేజ్ క్లస్టర్ అంటాం. ఇది సెటప్ చేసేటప్పుడు ప్రతివాడికీ వచ్చే డౌట్ ఒకటుంది. "బ్రో, ఉన్నవి మూడు పీసీలు. అన్నీ ఒకే గదిలో ఉన్నాయి. వాడేది నేనూ, మా అన్నయ్యా. మళ్లీ ఈ కీలు, కీరింగ్‌లు, పర్మిషన్ ఎర్రర్లు అవసరమా? ఆథెంటికేషన్ ఆఫ్ చేసేస్తే హాయిగా ఉంటుంది కదా?"

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఆఫ్ చేయకండి. చిన్న క్లస్టర్ అయినా సరే అని కాదు, చిన్న క్లస్టర్ కాబట్టే ఆఫ్ చేయకండి. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు అసలు క్లస్టర్ ఎందుకు పెట్టుకుంటున్నారో చూద్దాం. మన ఊళ్లో ఒక ఫొటో స్టూడియో ఉందనుకోండి. మాఘమాసం వచ్చిందంటే వరసగా ముహూర్తాలు. కెమెరాలో ఫోర్‌కే వీడియో సెకనుకి 100 మెగాబిట్ల దగ్గర రికార్డ్ అయితే గంటకి 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు చెరో ఆరు గంటలు తిరిగితే 540 జీబీ. అది ఒక్క పెళ్లి లెక్క. డ్రోన్, ఫొటోలు, ప్రీ వెడ్డింగ్ షూట్ ఇంకా కలపలేదు. సీజన్‌లో అలాంటివి పది వస్తే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లు బల్ల మీద ఇటుకల్లా పేరుకుపోతాయి. అందులో ఏ డిస్క్ ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని మూడు పీసీల్లో డిస్క్‌లు పెట్టి, వాటిని నెట్‌వర్క్‌తో కలిపి, ఒకటి చచ్చిపోయినా మిగతా రెండింటిలో కాపీ ఉండేలా చూసుకుంటారు. ఆలోచన చాలా బాగుంది.

దీనికి ఎక్కువ మంది వాడే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సెఫ్. అమెరికాలో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా క్రూజ్ క్యాంపస్‌లో సేజ్ వైల్ అనే ఆయన పీహెచ్‌డీలో భాగంగా దీన్ని మొదలుపెట్టాడు. 2014లో ఆయన కంపెనీ ఇంక్‌ట్యాంక్‌ని రెడ్ హ్యాట్ కొనేసింది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఓపెన్ సోర్స్‌గానే ఉంది. స్విట్జర్లాండ్‌లో ఫిజిక్స్ ప్రయోగాలు చేసే సెర్న్ సంస్థ కూడా ఇదే వాడుతుంది. అంటే సెర్న్‌లో నడిచే సాఫ్ట్‌వేరే మన మెయిన్ రోడ్డు మీద స్టూడియో మేడ గదిలో కూడా నడుస్తుంది. అదీ దీని గొప్పదనం.

సెఫ్‌లో రెండు ముఖ్యమైన పాత్రలు గుర్తుపెట్టుకుంటే చాలు. ఒకటి మానిటర్. క్లస్టర్‌లో ఎవరున్నారు, ఏది ఎక్కడుంది అన్న లెక్క దీని దగ్గర ఉంటుంది. రెండోది ఓఎస్‌డీ. ఒక్కో డిస్క్‌కి ఒక్కో ఓఎస్‌డీ, అసలు డేటా దాచేది ఇదే. మామూలుగా ప్రతి ముక్కకీ మూడు కాపీలు, మూడు వేర్వేరు పీసీల్లో ఉంటాయి.

ఇక తాళం సంగతి. సెఫ్‌లో ఉండే ఆథెంటికేషన్ పేరు సెఫ్ఎక్స్. ఇది మీరు అడగకపోయినా ముందు నుంచే ఆన్‌లో ఉంటుంది. పాతకాలం నుంచీ వస్తున్న కెర్బెరాస్ అనే పద్ధతి లాంటిదే ఇదీ. ఎలా పని చేస్తుందో తిరుమల ఉదాహరణతో చెప్తాను, సులువుగా అర్థమవుతుంది.

కింద తిరుపతిలో కౌంటర్ దగ్గర ఆధార్ చూపించి దర్శనం టోకెన్ తీసుకుంటాం. టోకెన్ మీద టైమ్ ఉంటుంది. పైకి వెళ్లాక ఆ టోకెన్ చూపిస్తే లైన్‌లోకి పంపిస్తారు. టైమ్ దాటిపోతే ఆ టోకెన్ పనికిరాదు. సెఫ్‌లో కూడా ఇంతే. మీ ఎడిటింగ్ పీసీ దగ్గర ఒక రహస్య కీ ఉంటుంది. దాని కాపీ మానిటర్ దగ్గర ఉంటుంది. మీ పీసీ మానిటర్ దగ్గరికి వెళ్లి తన దగ్గర కీ ఉందని రుజువు చేసుకుంటుంది. మానిటర్ ఒక టికెట్ ఇస్తుంది. ఆ టికెట్ చూపిస్తే ఓఎస్‌డీలు డేటా ఇస్తాయి. ఓఎస్‌డీల కోసం ఇచ్చే ఆ టికెట్ గడువు మామూలుగా ఒక గంట, తర్వాత దానంతటదే కొత్తది తెచ్చుకుంటుంది. ఇందులో రెండు మంచి విషయాలున్నాయి. అసలు కీ ఎప్పుడూ నెట్‌వర్క్ వైరు మీద ప్రయాణం చేయదు. రెండోది, మానిటర్ కూడా తాను అసలైనదే అని మీ పీసీకి రుజువు చేస్తుంది. దొంగ కౌంటర్ పెట్టి మోసం చేయడం కుదరదు.

ఆఫ్ చేయడం అంటే ఏంటి? కాన్ఫిగ్ ఫైల్‌లో మూడు లైన్లు ఉంటాయి. ఒకటి క్లస్టర్ లోపలి మెషిన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి, ఒకటి క్లయింట్లు సర్వీస్‌కి తమను రుజువు చేసుకోవడానికి, ఒకటి సర్వీస్ క్లయింట్‌కి రుజువు చేసుకోవడానికి. ఆ మూడింట్లోనూ సెఫ్ఎక్స్ తీసేసి నన్ అని పెడితే ఆథెంటికేషన్ పోయినట్టే. అప్పుడు మానిటర్ వాడే 3300, 6789 పోర్టుల దాకా రాగలిగిన ఏ డివైస్ అయినా వచ్చి "నేనే అడ్మిన్‌ని" అంటే, సెఫ్ "ఆయ్, అలాగేనండి" అంటుంది. చదవడం, రాయడం, చెరిపేయడం, అన్నీ వాడి చేతిలోనే. సగం తాళం అంటూ ఏమీ ఉండదు.

ఇప్పుడు ఆఫ్ చేద్దాం అనేవాళ్లు చెప్పే కారణాలు చూద్దాం. వాటిలో కొన్ని నిజంగానే ఆలోచించాల్సినవి.

మొదటిది, "మా నెట్‌వర్క్ లోపలే కదా, బయటివాడు ఎలా వస్తాడు?"

సరే, ఆ స్టూడియోలోనే చూద్దాం. క్లస్టర్ పీసీలు మూడు ఒక స్విచ్‌కి కలిపారు. అదే స్విచ్‌కి ఇంకేం కలిపి ఉన్నాయి? బిల్లింగ్ కంప్యూటర్. సీసీటీవీ బాక్స్, దాని సాఫ్ట్‌వేర్ కొన్నరోజు నుంచి ఒక్కసారి కూడా అప్‌డేట్ చేసి ఉండరు. గోడ మీద టీవీ. వైఫై రౌటర్. ఆ వైఫైలో మీ ఫోను, పని నేర్చుకుంటున్న కుర్రాళ్ల ఫోన్లు. ఆల్బమ్ సెలెక్షన్‌కి వచ్చిన పెళ్లికూతురు వాళ్ల బాబాయ్ "వైఫై పాస్‌వర్డ్ చెప్పమ్మా" అంటే కాదంటామా? కస్టమర్ కదా. ఆయన ఫోన్ కూడా లోపలికి వచ్చింది. ఆయన మంచాయనే. ఆయన ఫోన్‌లో ఎవరో వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైల్ ఏం చేస్తుందో మాత్రం ఆయనకే తెలియదు.

ఇప్పుడు చెప్పండి, లోపల అంటే ఎవరు?

మన రాష్ట్రంలోనే జరిగిన విషయం ఒకటి చెప్తాను. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచం మొత్తం పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్నింటికి కూడా తగిలింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పేర్లు అప్పుడు వార్తల్లో వచ్చాయి. ఫైళ్లకి తాళం వేసేసి, తెరవాలంటే 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఇమ్మని స్క్రీన్ మీద మెసేజ్ పెట్టేది అది. వానాక్రై ఎలా పాకిందో గమనించండి. ఒక మెషిన్‌లోకి దూరాక, విండోస్ ఫైల్ షేరింగ్‌లో ఉన్న ఒక లోపాన్ని పట్టుకుని, ఎవరూ ఏదీ క్లిక్ చేయకుండానే అదే నెట్‌వర్క్‌లో పక్క మెషిన్‌కి, దాని పక్క మెషిన్‌కి వెళ్లిపోయింది. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. వేసుకోని మెషిన్లు దెబ్బతిన్నాయి.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. వానాక్రైని సెఫ్ఎక్స్ లాంటి కీ ఆపేది కాదు. అది సాఫ్ట్‌వేర్‌లో లోపం, తాళం లేకపోవడం కాదు. మరి ఈ ఉదాహరణ ఎందుకు చెప్తున్నానంటే, లోపలి నెట్‌వర్క్ కాబట్టి సేఫ్ అన్న నమ్మకం ఎంత పల్చనిదో ఆ రోజు తెలిసింది. ప్రమాదం ఎప్పుడూ బయటి గేటు తోసుకుని రాదు. పక్క టేబుల్ మీద పీసీ నుంచి కూడా వస్తుంది.

ఇక్కడే నేను మొదట్లో అన్న మాట. పెద్ద డేటా సెంటర్‌లో స్టోరేజ్‌కి వేరే నెట్‌వర్క్ ఉంటుంది. గది తలుపుకి కార్డు, బయట సెక్యూరిటీ గార్డు, రాత్రంతా లాగ్‌లు చూసే మనుషులు ఉంటారు. అక్కడ ఒక గోడ పడిపోయినా ఇంకో నాలుగు గోడలుంటాయి. మన దగ్గర ఉన్నది ఒకే స్విచ్, ఒకే వైఫై, ఒకే మనిషి. ఆ మనిషి కూడా ముహూర్తాల రోజుల్లో కెమెరా భుజాన వేసుకుని కళ్యాణ మండపంలో ఉంటాడు. మనకున్న ఒకే ఒక్క గోడ ఆ కీ. దాన్ని కూడా తీసేస్తే ఇంకేం మిగిలింది?

రెండో కారణం, "మన డేటా ఎవడికి కావాలి బ్రో?"

ఎవడికీ అక్కర్లేదు, నిజమే. కానీ అది మీకు కావాలి. దొంగకి అదొక్కటి చాలు.

2017 జనవరిలో మాంగోడీబీ అనే డేటాబేస్ వాడేవాళ్లకి ఇది తెలిసొచ్చింది. పాస్‌వర్డ్ లేకుండా ఇంటర్నెట్‌కి తెరిచి వదిలేసిన డేటాబేస్‌లు వేల సంఖ్యలో ఉండేవి. కొందరు స్క్రిప్టులు రాసి వాటన్నిటినీ వెతికి, డేటా చెరిపేసి, "మీ డేటా మా దగ్గరుంది, 0.2 బిట్‌కాయిన్ పంపండి" అని నోట్ పెట్టారు. కొన్ని వారాల్లోనే 20 వేలకు పైగా డేటాబేస్‌లు అలా పోయాయి. చాలా కేసుల్లో వాళ్లు డేటా కాపీ కూడా చేసుకోలేదు, ఊరికే చెరిపేశారు. డబ్బు కట్టినా తిరిగి వచ్చేది ఏమీ లేదు. అక్కడ ఎవరూ మనిషిని చూసి, కంపెనీని చూసి టార్గెట్ చేయలేదు. స్క్రిప్ట్‌కి పెద్ద చిన్న తేడా తెలియదు. తలుపు తీసి ఉందా లేదా, అంతే.

"మాది ఇంటర్నెట్‌కి ఓపెన్ కాదు కదా" అంటారు. కాకపోవచ్చు. కానీ సీసీటీవీ ఫోన్‌లో చూసుకోవడానికి ఇన్‌స్టాల్ చేసిన అబ్బాయి రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి వెళ్లాడా లేదా, ఎప్పుడైనా చూశారా? రౌటర్‌లో యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే లోపలి డివైస్‌లు మిమ్మల్ని అడక్కుండానే పోర్టులు తెరుచుకోగలవు. అవి కూడా చూసుకోవాలి.

చిన్న స్టోరేజ్ గురించి ఇంకో ఉదాహరణ. వెస్టర్న్ డిజిటల్ కంపెనీ మై బుక్ లైవ్ అని ఒక బాక్స్ అమ్మేది. ఇంట్లో రౌటర్‌కి తగిలిస్తే ఫొటోలు, వీడియోలు దాచుకోవచ్చు. 2021 జూన్‌లో ఒక రోజు చాలా మంది నిద్రలేచి చూసేసరికి ఆ బాక్సులు ఖాళీ. ఎవరో దూరం నుంచి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. ఎలా కుదిరింది? రీసెట్ చేసే ముందు పాస్‌వర్డ్ అడిగే లైన్లు ఆ ఫర్మ్‌వేర్ కోడ్‌లో ఉన్నాయి. కానీ వాటి ముందు కామెంట్ గుర్తులు పెట్టి ఉన్నాయి. అంటే కోడ్‌లో ఆ లైన్లు కనిపిస్తాయి, పని మాత్రం చేయవు. 2011లో కోడ్ మార్చినప్పుడు జరిగిన పొరపాటు అది. పదేళ్లు ఎవరూ గమనించలేదు. ఒక రోజు ఎవరో గమనించారు. ఆ డివైస్‌ని ఇంటర్నెట్ నుంచి తీసేయండని కంపెనీ చెప్పింది. అప్పటికే పిల్లల ఫొటోలు, పాత వీడియోలు పోయినవాళ్లకి పోయాయి.

మన కాన్ఫిగ్ ఫైల్‌లో సెఫ్ఎక్స్ తీసేసి నన్ అని రాయడం కూడా అచ్చం అదే పని. తేడా ఏంటంటే, అక్కడ కంపెనీ చేసింది, ఇక్కడ మనమే చేతులారా చేస్తున్నాం.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన కారణం. దీనికి హ్యాకర్ అక్కర్లేదు. మన చేతులే చాలు.

కీ అంటే లోపలికి రానిచ్చే తాళం మాత్రమే కాదు. సెఫ్‌లో ప్రతి కీకి కొన్ని హక్కులు రాసి పెట్టొచ్చు, వాటిని క్యాప్స్ అంటారు. ఈ కీ ఉన్నవాడు ఫలానా పూల్ మాత్రమే చదవాలి, ఫలానా పూల్‌లో రాయొచ్చు, పూల్స్ చెరిపే అధికారం లేదు, ఇలా. పూల్ అంటే క్లస్టర్‌లో ఒక బీరువా అనుకోండి. స్టూడియోలో మూడు బీరువాలు ఉన్నాయి. ఒకటి ఈ సీజన్ ఎడిటింగ్. ఒకటి పాత పెళ్లిళ్ల ఆర్కైవ్. ఒకటి బిల్లింగ్ పీసీ బ్యాకప్. పని నేర్చుకుంటున్న కుర్రాడి పీసీకి ఎడిటింగ్ బీరువా కీ ఇస్తే చాలు. ఆర్కైవ్ అతనికి చదవడానికి మాత్రమే. అతను రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో తప్పు ఫోల్డర్ సెలెక్ట్ చేసి డిలీట్ కొట్టినా, మూడేళ్ల కిందటి పెళ్లి పోదు. అతన్ని నమ్మకపోవడం కాదు ఇది. అతన్ని కాపాడటం.

సెఫ్ తయారు చేసినవాళ్లకి మనుషుల సంగతి బాగా తెలుసు. ఒక పూల్ చెరిపేయాలంటే దాని పేరు రెండుసార్లు టైప్ చేయాలి, పైగా "యెస్ ఐ రియల్లీ రియల్లీ మీన్ ఇట్" అని ఒక ఆప్షన్ కూడా ఇవ్వాలి. అంటే నిజంగా, నిజంగా చెరిపేయమంటున్నాను అని రాసివ్వాలి. అసలు మానిటర్‌లో పూల్ డిలీట్ అనే సెట్టింగే ముందు నుంచి ఆఫ్‌లో ఉంటుంది. అయితే ఆథెంటికేషన్ లేకపోతే, ఆ సెట్టింగ్‌ని ఆన్ చేసే అధికారం కూడా ప్రతివాడికీ ఉన్నట్టే. అప్పుడు ఆ జాగ్రత్తలన్నీ కాగితం మీదే.

"మూడు కాపీలు ఉన్నాయి కదా" అనుకోవద్దు. మూడు కాపీలు డిస్క్ పోతే కాపాడతాయి. మీరు డిలీట్ అంటే మూడు చోట్లా డిలీట్ అవుతుంది. అదీ చాలా స్పీడ్‌గా. ఆ పెళ్లి వీడియోలో అక్షింతలు వేసిన తాతయ్య ఇప్పుడు లేకపోవచ్చు. మళ్లీ షూట్ చేద్దాం రండి అనలేం కదా.

మూడో కారణం, "ఆథెంటికేషన్ వల్ల స్లో అవుతుంది."

సెఫ్ వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే ఉంది, దీనికి కొంత ఖర్చు ఉంటుంది, కానీ మామూలుగా అది చాలా తక్కువ అని. మన స్టూడియో క్లస్టర్‌లో స్పీడ్‌ని ఆపేది ఏంటో లెక్క చూడండి. ఒక గిగాబిట్ నెట్‌వర్క్ అంటే సెకనుకి 125 ఎంబీ, అదీ కాగితం మీద. అందులోనే మూడు కాపీలు పీసీల మధ్య తిరగాలి. తిరిగే హార్డ్ డిస్క్‌లు ఉంటే వాటి ఆలస్యం వేరే. వీటి ముందు కీ చెక్ చేసే పని లెక్కలోకి రాదు. ఇప్పటి ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ లెక్కల కోసం ప్రత్యేకంగా ఇన్‌స్ట్రక్షన్లు ఉంటాయి. రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి చిన్న బోర్డుల్లో అవి లేవు, అక్కడ కొంచెం తేడా ఉండొచ్చు. అయినా అక్కడ కూడా ముందు ఇబ్బంది పెట్టేది ర్యామ్, డిస్క్. స్పీడ్ కావాలంటే ఎస్‌ఎస్‌డీ వేయండి, 2.5 గిగాబిట్ స్విచ్ కొనండి. తాళం తీసేసి స్పీడ్ వెతుక్కోవడం, ఇంటి తలుపు పీకేస్తే గాలి బాగా వస్తుంది అన్నట్టు ఉంటుంది.

నాలుగో కారణం, నిజంగా సీరియస్‌గా తీసుకోవాల్సింది. "కీ పోతే? నా డేటా నాకే దొరకకపోతే?"

ఈ భయం న్యాయమైనదే. చిన్న చోట ఒక్కడే అడ్మిన్, వాడి ల్యాప్‌టాప్ పోతే అడ్మిన్ కీ కూడా పోయింది అనుకుందాం. అయినా డేటా పోదు. కీలన్నిటి లిస్టు మానిటర్ల దగ్గర ఉంటుంది. మానిటర్‌కి తన సొంత కీ ఒకటి ఉంటుంది, అది ఆ మెషిన్ డిస్క్‌లోనే ఉంటుంది. మానిటర్ ఉన్న పీసీ ముందు కూర్చుని, రూట్ యూజర్‌గా లాగిన్ అయి, ఆ కీతో అడ్మిన్ కీని మళ్లీ బయటికి తీయొచ్చు. సెఫ్ఎక్స్ కీ పోవడం, డిస్క్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పోవడం ఒకటి కాదు. రెండోది పోతే దేవుడే దిక్కు. మొదటిదానికి దారి ఉంది.

అయితే దీన్ని తిరగేసి కూడా చదవాలి. మానిటర్ పీసీ ముందు కూర్చుని రూట్ సంపాదించగలిగిన ఎవరికైనా ఆ దారి ఉంది. కాబట్టి ఆ గదికి నిజమైన ఇనప తాళం కూడా వేయాలి.

ఇంకో విషయం. కీలు తయారు చేయడం పెద్ద కష్టం అనుకుంటున్నారు కదా. ఇప్పుడు సెఫ్ఏడీఎమ్ గానీ, ప్రాక్స్‌మాక్స్ గానీ వాడితే సెటప్‌లోనే కీలు వాటంతటవే తయారవుతాయి. మీరు చేయాల్సింది ఆఫ్ చేయకుండా ఉండటమే. అదే ఇప్పుడు ఆఫ్ చేసి, డేటా నిండాక ఆన్ చేద్దాం అనుకుంటే, ప్రతి మానిటర్‌కీ, ప్రతి ఓఎస్‌డీకీ, ప్రతి క్లయింట్‌కీ కీ సరిగ్గా ఉందో లేదో చూసి, అన్నిటినీ రీస్టార్ట్ చేయాలి. సీజన్ మధ్యలో ఆ పని ఎవరు పెట్టుకుంటారు? రేపు చేద్దాం, రేపు చేద్దాం అని అలాగే ఉండిపోతుంది.

ఇప్పటిదాకా కీని పొగిడాను. దాని వల్ల కానివి కూడా చెప్పాలి కదా.

ఒకటి, సెఫ్ఎక్స్ మీరెవరో చెక్ చేస్తుంది, కానీ వైరు మీద వెళ్లే వీడియోని దాచిపెట్టదు. దానికి సెక్యూర్ మోడ్ అని వేరే ఆప్షన్ ఉంది, 2019లో వచ్చిన నాటిలస్ వెర్షన్ నుంచి దొరుకుతుంది. అది కావాలంటే మీరే ఆన్ చేసుకోవాలి.

రెండు, తాళంలో కూడా లోపాలు బయటపడతాయి. 2021లో సెఫ్ఎక్స్‌లోనే ఒకటి దొరికింది. క్లయింట్లకి ఇచ్చే గ్లోబల్ ఐడీని తిరిగి తీసుకునేటప్పుడు సరిగ్గా చెక్ చేయడం లేదని తెలిసి, ఆ ఏప్రిల్‌లో సరిచేసిన వెర్షన్లు వదిలారు. పాత వెర్షన్ వాడుతూ "నాకు సెఫ్ఎక్స్ ఉంది" అని ధీమాగా ఉంటే కుదరదు. హెల్త్ స్టేటస్‌లో గ్లోబల్ ఐడీ గురించి వార్నింగ్ కనిపిస్తే దాన్ని మ్యూట్ చేయకుండా, క్లయింట్లన్నీ అప్‌డేట్ చేసి, ఆ పాత పద్ధతిని ఆపేయండి.

మూడు, మీ ఎడిటింగ్ పీసీకే వైరస్ తగిలితే, ఆ పీసీ దగ్గర ఉన్న కీతో ఏమేం చేయొచ్చో అవన్నీ వైరస్ కూడా చేయగలదు. అందుకే ఆ కీకి హక్కులు ఎంత తక్కువుంటే అంత మంచిది. అందుకే బ్యాకప్ కూడా వేరేగా ఉండాలి.

మరి ఇవాళ ఏం చేయాలి? ఐదు పనులు.

మొదటిది, కాన్ఫిగ్ ఫైల్ తెరిచి ఆ మూడు లైన్లు చూడండి. నన్ అని ఎక్కడైనా ఉంటే, పని తక్కువ ఉన్న రోజు చూసుకుని సరిచేయండి.

రెండోది, అడ్మిన్ కీరింగ్ ఫైల్‌ని ప్రతి పీసీలోనూ కాపీ చేసి పెట్టే అలవాటు మానేయండి. చాలా మంది కీ ఆన్‌లోనే ఉంచుతారు, కానీ అన్ని పీసీలకీ అడ్మిన్ కీనే ఇస్తారు. అది ఇంటిల్లిపాదికీ బీరువా తాళాల గుత్తి ఇచ్చినట్టే. ఒక్కో పీసీకి ఒక్కో పేరుతో కీ, దానికి కావలసిన పూల్ వరకే హక్కు.

మూడోది, ఎవరైనా పని మానేసినా, ల్యాప్‌టాప్ పోయినా ఆ ఒక్క కీ తీసేయండి. ఒక్కొక్కరికి ఒక్కో కీ ఉంటేనే ఇది కుదురుతుంది. అందరికీ ఒకటే అయితే అందరిదీ మార్చాలి.

నాలుగోది, అడ్మిన్ కీని ఒక పెన్‌డ్రైవ్‌లోనో, కాగితం మీద ప్రింట్ తీసో, ఇంటి పత్రాలు పెట్టే చోట పెట్టండి. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవద్దు, ప్లీజ్.

ఐదోది, క్లస్టర్‌కి 8 పోర్టుల చిన్న స్విచ్ ఒకటి వేరేగా పెట్టండి. ఎడిటింగ్ పీసీ తప్ప ఇంకేదీ దానికి కలపకండి. కస్టమర్లకి గెస్ట్ వైఫై వేరే ఇవ్వండి. ఆర్కైవ్ కాపీ ఒకటి, క్లస్టర్‌కి సంబంధం లేని డిస్క్‌లో, తీగ పీకేసి పక్కన పెట్టండి. ఏ కీ ఉన్నవాడూ, లేనివాడూ తీగ పీకేసిన డిస్క్‌ని చెరపలేడు.

అసలు ఎప్పుడూ ఆఫ్ చేయకూడదా అంటే, ఒక సందర్భం ఉంది. ఒకే ల్యాప్‌టాప్‌లో మూడు వర్చువల్ మెషిన్లు పెట్టి, సెఫ్ ఎలా పని చేస్తుందో నేర్చుకుంటున్నారు. లోపల ఉన్నది ఉత్తుత్తి డేటా. రేపు డిలీట్ చేసేస్తారు. అక్కడ ఆఫ్ చేసినా నష్టం లేదు. కానీ అక్కడ కూడా ఆన్‌లో ఉంచే నేర్చుకోండి అంటాను. ఎందుకంటే ఆ పర్మిషన్ ఎర్రర్లే అసలు పాఠం. కీ దొరకలేదు అని వస్తే, ఏ పేరుతో వెళ్తున్నాం, కీరింగ్ ఫైల్ ఎక్కడుంది, దానికి ఏ హక్కులున్నాయి, ఈ మూడూ చూడండి. ఎక్కువగా ఈ మూడింట్లోనే దొరుకుతుంది. ఇంటర్వ్యూలో అడిగేది కూడా ఇదే.

సెఫ్ వాడని వాళ్లకి ఒక మాట. ఇదే ప్రశ్న మీకూ ఉంది. ఎన్ఎఫ్ఎస్ షేర్ మామూలుగా పెడితే అది ఐపీ అడ్రస్ చూసి నమ్ముతుంది, వచ్చినవాడు చెప్పిన యూజర్ నంబర్‌నే నిజం అనుకుంటుంది. ఐపీ అడ్రస్ ఎవరైనా మార్చుకోవచ్చు, అది ఇంటి నంబర్ లాంటిది, తాళం కాదు. మినిఐఓ లాంటివి వాడితే దానితో పాటు వచ్చే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ లోకమంతటికీ తెలుసు, మొదటి రోజే మార్చండి. ఇంట్లో న్యాస్ బాక్స్ ఉంటే దాని అడ్మిన్ పాస్‌వర్డ్ ఏంటో ఒకసారి గుర్తు చేసుకోండి. "అడ్మిన్" అని గుర్తొచ్చిందా? ఈ పేజీ మూసేసి ముందు ఆ పని చూడండి.

క్లస్టర్ చిన్నదా పెద్దదా అన్నది ఎన్ని డిస్క్‌లు ఉన్నాయో చెప్తుంది అంతే. లోపల ఉన్నది ఎంత విలువైనదో చెప్పదు. సెర్న్‌లో ఒక ప్రయోగం డేటా పోతే, డబ్బూ టైమూ పెట్టి ఇంకోసారి ప్రయత్నించొచ్చేమో. ఒక ఇంటి పెళ్లి మాత్రం ఒక్కసారే జరుగుతుంది.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ తీగ పీకేసిన డిస్క్ గురించే మాట్లాడదాం. బ్యాకప్ తీశాక అది నిజంగా తెరుచుకుంటుందో లేదో ఎలా చూసుకోవాలో చెప్తాను. అప్పటిదాకా ఉంటానండి, జాగ్రత్త.